గడియారం ఇచ్చారు, సంతకం అడిగారు

గంగారంలో మహిళా సంఘం సమావేశం ముగియబోతుండగా ఎవరో "టైమెంతయిందక్కా, బస్సొచ్చే యాళ్లయిందా?" అని అడిగారు. సంచిలోంచి మా తాత జేబు గడియారం తీసి చూశాను. ఇక సమావేశం ముగియలేదు. గడియారం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. కొందరు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గొలుసు వెండిదేనా అని ఒకామె గోటితో గీకి చూసింది. చివరన కూర్చున్న పెద్దామె మాత్రం దాన్ని ముట్టుకోకుండానే అడిగింది: "ఇది నీకెట్లొచ్చింది బిడ్డా? మీ ఇంట్ల మగపిలగాళ్లు లేరా?"

ఉన్నాడు. అన్న ఉన్నాడు. అయినా గడియారం నాకే ఇచ్చారు. ఎందుకిచ్చారో చెప్పడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. ఊరూరా తిరిగి ఆడవాళ్ల ఆస్తిహక్కు గురించి మాట్లాడే మనిషిని, నా ఇంటి సంగతి దగ్గరికి వచ్చేసరికి మాట మార్చి బస్సెక్కాను. ఆమెకు ఇవ్వాల్సిన జవాబే ఈ వ్యాసం. ఈ గడియారాన్ని ఏం చేయాలన్నది నా సొంత విషయంలాగే కనిపించవచ్చు. కానీ ఇలాంటి గడియారాలు, గిన్నెలు, భరిణెలు మనలో చాలామంది ఇళ్లలో ఉన్నాయి. అవి మనకెట్లా వచ్చాయో మనం ఎప్పుడైనా అడిగామా?

గడియారం వెనక కాగితం

మా పుట్టిల్లు మానుకోట దగ్గర. మా తాత నిజాం స్టేట్ రైల్వేలో గార్డు. సికింద్రాబాదు వైపు నుంచి మా ప్రాంతం మీదుగా వచ్చిన రైలు మార్గం 1889లో బెజవాడ దాకా పోయింది. ఆ మార్గం మీదే తాత ఉద్యోగమంతా గడిచింది. 1951లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. తాత పనిచేసిన కంపెనీ పేరు మారుతూ పోయింది గానీ ఆయన జేబులో గడియారం మారలేదు. రైల్వే ఇచ్చిందైతే దిగిపోయేనాడు తిరిగి అప్పగించాల్సి వచ్చేది. ఇది తన జీతంలోంచి మిగుల్చుకుని కొన్నది. తెల్లటి డయలు మీద వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ పేరు, ఆరు అంకె దగ్గర సెకన్ల చిన్న ముల్లు. తలమీది గుండీ తిప్పి రోజూ కీ ఇవ్వాలి, లేకుంటే మర్నాటికి ఆగిపోతుంది.

ఆ జీతంలోంచే తాత నాలుగెకరాలు కూడా కొన్నాడు. 1978లో ఆయన పోయాక భూమి, గడియారం రెండూ మా నాన్నకు వచ్చాయి. 2021లో నాన్న పోయాడు.

దినాలైన మర్నాడు అన్న నన్ను లోపలి అర్రలోకి పిలిచాడు. ఎర్రగుడ్డలో చుట్టిన గడియారం నా చేతిలో పెట్టి, "తాతకు నువ్వంటే పానం. ఇది నువ్వే ఉంచుకో చెల్లె" అన్నాడు. నేను ఏడ్చాను. మా చెల్లెకు నానమ్మ వెండి కుంకుమ భరిణె ఇచ్చారు. అదీ ఏడ్చింది. వదిన చాయ్ తెచ్చింది. చాయ్ తాగడం అయ్యాక అన్న ఒక కాగితం తీశాడు. మా పెండ్లిళ్లప్పుడే కట్నకానుకల రూపంలో మా వంతు మాకు ముట్టిందనీ, నాలుగెకరాల్లో మాకు ఎలాంటి హక్కూ లేదనీ, మనస్ఫూర్తిగా వదులుకుంటున్నామనీ అందులో రాసి ఉంది. "పట్టా మారాలంటే అందరి సంతకాలు కావాలంటున్నరు. ఉత్త ఫార్మాలిటీ" అన్నాడు.

చెల్లె సంతకం పెట్టింది. నేను చదివి పెడతానని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆ వరస గమనించండి. ముందు గడియారం, తర్వాత కన్నీళ్లు, తర్వాత చాయ్, ఆ తర్వాత కాగితం. అన్న దీన్ని పథకం వేసి చేశాడని నేను అనను. ఆయన నన్ను మోసం చేస్తున్నానని అనుకోలేదు. లోకంలో ఎట్లా చేస్తారో అట్లా చేశాడు. అదే అసలు చిక్కు. ఎవరూ దుర్మార్గులు కాకుండానే, అందరూ ప్రేమగా ఉంటూనే, ఆడపిల్ల చేతుల్లోంచి భూమి జారిపోయే పద్ధతి ఒకటి మన ఇళ్లలో స్థిరపడిపోయింది. ఆ పద్ధతిలో జ్ఞాపకాలు మనకు, పట్టాలు వాళ్లకు.

ఈ వస్తువు వెల ఎంత?

హనుమకొండలో గడియారాలు బాగుచేసే ఒక ముసలాయనకు దీన్ని చూపించాను. కొనేవాళ్లు దొరికితే కొన్ని వేలు వస్తాయన్నాడు. మా దిక్కు ఎకరం భూమి ఇప్పుడు లక్షల మీద మాట. పాతవస్తువులకు మంచి ధర వస్తుందనేవాళ్లూ ఉన్నారు. గాంధీ జేబు గడియారం 2009లో న్యూయార్కులో ఆయన కళ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్లెంతో కలిపి వేలంలో 18 లక్షల డాలర్లు పలికింది. అది ఆయన తన మనవరాలి వరస అయ్యే ఆభాకు ఇచ్చిన గడియారం. కానీ మా తాత గాంధీ కాదు. మా తాత గడియారానికి వెల మా ఇంట్లోనే ఉంది. ఆ వెల ఒక సంతకం.

భూమి పట్టా ఎవరి పేర ఉంటే వాళ్లే ప్రభుత్వం లెక్కలో రైతు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి, పంటకు 4,000 రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే రైతుబీమా అదే ఏడు వచ్చింది. 2025 నుంచి రైతుభరోసా కింద ఏడాదికి ఎకరానికి 12,000 అన్నారు. బ్యాంకులో పంటరుణం కావాలన్నా పాసుపుస్తకమే అడుగుతారు. నాట్లేసేది, కలుపు తీసేది, మిరప ఏరేది, పత్తి తీసేది ఆడవాళ్లు. పాసుపుస్తకం మీద పేరు మాత్రం మగవాళ్లది. కాబట్టి "ఎకరం భూమి కోసం అన్నతో పంచాయితా?" అని అడిగేవాళ్లు, ఆ ఎకరంతో పాటు ఇంకేమేం పోతాయో కూడా లెక్క వేయాలి.

చట్టం ఏమంటున్నది?

మన కార్యకర్తల్లోనే ఈ విషయంలో చాలా గందరగోళం ఉంది. 1985కు ముందు పెండ్లయినవాళ్లకు ఏమీ రాదని కొందరు, 2005 తర్వాతే ఆడపిల్లకు హక్కు వచ్చిందని కొందరు చెప్తుంటారు. కాబట్టి విడమరిచి చెప్తాను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. కూతురికి ఎప్పుడు పెండ్లయిందన్న ప్రశ్న ఇక్కడ లేదు. ఇది 2005లో వచ్చిన కొత్త హక్కు కాదు, దాదాపు డెబ్బై ఏండ్ల నుంచి ఉన్న హక్కు.

పిత్రార్జిత ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. అందులో పుట్టుకతో హక్కు కొడుకులకే ఉండేది. కూతుళ్లను కూడా పుట్టుకతో హక్కుదారులుగా చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అంతకుముందే పెండ్లయిన కూతుళ్లను వదిలేసింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని కూడా 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చిందని చెప్పింది.

ఇక కట్నం. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. 1961 నుంచి కట్నం ఇవ్వడమూ, తీసుకోవడమూ నేరం. ఒక నేరాన్ని చూపించి ఒక హక్కును కొట్టేస్తామంటే ఎట్లా కుదురుతుంది? పైగా కట్నం పోయింది అత్తింటివాళ్ల చేతికి. నా చేతికి కాదు.

సంతకాల సంగతి కూడా తెలుసుకోవాలి. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం, ఆ ఆస్తి విలువ వంద రూపాయలు దాటితే, రిజిస్టర్ కావాలి. తెల్లకాగితం మీద సంతకంతో భూమి మీద హక్కు పోదు. అట్లని "తెల్లకాగితమే కదా" అని సంతకం పెట్టేయకూడదు. నోటిమాటగా ఎప్పుడో పంపకం అయిపోయిందనీ, ఇది దాని జ్ఞాపకార్థం రాసుకున్న కాగితమనీ రేపు కోర్టులో వాదించవచ్చు. మా చెల్లెకు ఈ మాటే చెప్పాను. నీ హక్కు ఇంకా పోలేదు, అయినా ఇంకే కాగితం మీదా సంతకం పెట్టకు అని.

విరాసత్ కింద పట్టా మారేటప్పుడు మిగతా వారసుల సంగతేమిటన్నది ఇంకో ప్రశ్న. 2020లో ధరణి వచ్చాక వారసులంతా ఒప్పుకున్నట్టు కాగితం చూపించాల్సి వచ్చింది. ఆ కాగితం కోసమే ఊరూరా అక్కచెల్లెండ్ల సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం, పట్టా మార్చేముందు విచారణ జరపాలంటున్నది. విచారణకు వచ్చిన అధికారి ముందు ఆడపిల్ల నోరు విప్పితేనే దానికి అర్థం. అక్కడ కూడా అన్న పక్కన నిలబడి తల ఊపితే ధరణి అయినా భూభారతి అయినా ఒకటే.

గడియారం కూడా ఆస్తే. చట్టం భూమిని, గడియారాన్ని వేరుచేయలేదు. నాన్న వీలునామా రాయలేదు. అంటే ఇది అన్న నాకిచ్చిన కానుక కానే కాదు. అమ్మది, అన్నది, చెల్లెది, నాది. నలుగురిది. నలుగురిలో ఒకరు, మిగతావాళ్లను అడగకుండా, ఇంకొకరికి "ఇచ్చారు". ఈ సంగతి తట్టినప్పుడు నాకు ముందుగా సిగ్గనిపించింది. ఎందుకంటే అమ్మను నేను కూడా అడగలేదు.

అమ్మ చెప్పింది

అమ్మ దగ్గరికి పోయి గడియారం ముందు పెట్టాను. "ఇది ఎవరిదనుకుంటున్నవమ్మా?" అన్నాను. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, చూడకుండానే గుండీ తిప్పి కీ ఇచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు రోజూ పొద్దున కీ ఇచ్చింది అమ్మే. నాన్న జేబులో పెట్టుకుని బయటికి పోయేవాడు.

"నేను పుట్టిచ్చిన గడియారం ఇది" అంది అమ్మ నవ్వుతూ. ఒక ఏడు వానలు లేక, విత్తనాలకు పైసలు లేక, నాన్న దీన్ని షావుకారు దగ్గర కుదువ పెట్టాడట. విడిపించలేకపోయాడు. అమ్మ రెండు మిరప కారుల కూలి డబ్బులు దాచి, వడ్డీతో సహా కట్టి విడిపించి తెచ్చింది. చేతుల మంటకు రాత్రిళ్లు నీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చునేదాన్నని చెప్పింది. ఈ కథ నేను ఎన్నడూ వినలేదు. మా ఇంట్లో ఇది ఎప్పుడూ "తాత గడియారం", ఆ తర్వాత "నాన్న గడియారం". మగవాళ్ల నుంచి మగవాళ్లకు వచ్చిన వారసత్వం. మధ్యలో దాన్ని పోకుండా ఆపిన చేతులకు ఆ పేరులో చోటు లేదు. మొన్నటి పంపకంలో అమ్మకు ఏం కావాలని కూడా ఎవరూ అడగలేదు. చట్టం ఆమెకూ మాతో సమానంగా నాలుగో వంతు ఇస్తుంటే, మేం ముగ్గురం ఆమెను "అమ్మ అన్న దగ్గరుంటది" అన్న ఒక్క మాటతో పంచేసుకున్నాం.

అమ్మ అక్కడితో ఆగలేదు. "నువ్వు నీ ఎకరం అడుగుతున్నవు బిడ్డా, మంచిదే. మరి మీ మేనత్తది ఎవరడగాలె?" అంది.

నేను దెబ్బతిన్నది అక్కడ. తాత పోయింది 1978లో. భూమి ఆయన స్వార్జితం. 1956 చట్టం అప్పటికే ఇరవై రెండేండ్లది. నానమ్మ, నాన్న, మేనత్త ముగ్గురూ సమాన వారసులు. నానమ్మ పోయాక ఆమె వాటా కూడా ఇద్దరు పిల్లలకే రావాలి. అంటే నాలుగెకరాల్లో రెండెకరాలు మేనత్తవి. ఆ రోజు ఆమెకు ఇచ్చింది ఒక ఇత్తడి గంగాళం. ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు.

మేనత్త డోర్నకల్‌లో ఉంటుంది. పోయి అడిగాను. గంగాళం ఇప్పటికీ ఉంది, వాకిట్లో నీళ్లు పోసుకుంటారు. "నేను గంగాళం అడిగిన్నా? ఇచ్చిండ్రు, తీసుకున్న. తీసుకున్నంక అడిగే నోరు లేకుంట వోయింది" అంది. "అడిగితే ఏమయ్యేది అత్తమ్మా?" అంటే, "ఏమయ్యేది? ఒడిబియ్యం బందయ్యేది" అంది.

ఒడిబియ్యం గురించి మన సభల్లో మాట్లాడం గానీ తెలంగాణలో ఆడపిల్ల ఆస్తి అడగకపోవడానికి అది పెద్ద కారణం. కొన్నేండ్లకోసారి పుట్టింటికి పిలిచి, ఒడిలో బియ్యం పోసి, చీర పెట్టి పంపుతారు. నీకు వెనక ఒక ఇల్లుందని అత్తింటి ముందు, ఊరి ముందు చూపించే గుర్తు అది. మొగుడు కొట్టినప్పుడు, వెళ్లగొట్టినప్పుడు ఆ ఇంటి తలుపే దిక్కు. ఆస్తి అడిగితే ఆ తలుపు మూసుకుంటుందన్న భయం ఉత్త భయం కాదు. నిజంగా మూసిన ఇండ్లు మనకు తెలుసు. అయితే ఇంకో సంగతి కూడా మనకు తెలుసు. ఆస్తి అడగకుండా ఆ తలుపును కాపాడుకున్నవాళ్లు, అవసరం పడి పోయిననాడు రెండు రోజులకు మించి అక్కడ ఉండలేకపోయారు. సొంతంగా ఎకరం ఉన్న ఆడమనిషికి తలుపు తట్టాల్సిన అవసరమే తక్కువ.

చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన పాలకుర్తి మాకు దూరమేమీ కాదు. ఆమె 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చిన సవరణ అమల్లోకి వచ్చింది అదే నెల 5 నుంచి. దొర చేతిలోంచి భూమి దక్కించుకోవడానికి ఆడవాళ్లు ప్రాణాలకు తెగించిన గడ్డ ఇది. ఆ గడ్డ మీదే, సొంత అన్నతమ్ముల ముందు మాత్రం మనం గంగాళాలకు, గడియారాలకు తృప్తిపడ్డాం. దొరతో పోరాడటం కష్టమే. కానీ ప్రేమగా చాయ్ ఇచ్చే చేతితో పోరాడటం ఇంకో రకం కష్టం.

"మాకేమున్నది?"

తర్వాతిసారి గంగారం పోయినప్పుడు ఇదంతా సంఘంలో చెప్పాను. పెద్దామె మొత్తం విని, "నీకు చట్టమన్న ఉన్నది. మాకేమున్నది?" అంది.

ఆమె కోయ స్త్రీ. 2016లో కొత్తగూడ నుంచి విడదీసి మండలం చేసిన గంగారంలో ఎక్కువమంది ఆదివాసులు. నేను పైన చెప్పిన చట్టమంతా ఆమెకు వర్తించదు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, అది షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అక్కడ నడిచేది ఆచారం. "మా దిక్కు భూమి కొడుకులదే. కొడుకుల్లేకుంటె పాలోళ్లది" అని ఆమే చెప్పింది.

ఈ విషయం కోర్టుల్లో ఎప్పటినుంచో నలుగుతున్నది. 1996లో మధు కిష్వర్ కేసులో సుప్రీంకోర్టు ఆచారాన్ని కొట్టేయలేదు గానీ, ఆ భూమి మీద ఆధారపడిన స్త్రీల జీవనాధారాన్ని కాపాడాలని చెప్పింది. 2022 డిసెంబరులో, చట్టాన్ని సవరించే విషయం పరిశీలించమని కేంద్రానికి సూచించింది. 2025 జూలై 17న ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు వాళ్లను కాదనడం సమానత్వానికి విరుద్ధమని, ఆ స్త్రీ వారసులకు వాటా ఇవ్వమంది. అంటే వాటా లేదనేవాళ్లే ఆ ఆచారాన్ని రుజువు చేసుకోవాలి. ఇది చిన్న సంగతి కాదు.

ఆదివాసీ సంఘాల్లో ఇంకో భయం ఉంది. ఆడపిల్లకు భూమి ఇస్తే ఆమెను పెండ్లాడిన బయటివాడు భూమిని కాజేస్తాడని. ఆ భయం వెనక చేదు అనుభవాలున్నాయి, కొట్టిపారేయలేం. కానీ ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకోవడానికి 1/70 చట్టం ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయమని అడగడం ఒక మాట. బయటివాడిని ఆపలేక ఇంటి ఆడపిల్లను ఆపడం వేరే మాట. ఈ చర్చ ఆదివాసీ స్త్రీలే చేయాలి, నాలాంటివాళ్లు పక్కన నిలబడాలి.

ఆ రోజు సంఘంలో తేలిన పని ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టా పెండ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేర ఉండాలి. ఎవరి పట్టాలో ఎవరి పేరుందో తెచ్చి చూసుకుందామని అనుకున్నారు. పట్టా ఇంట్లో ఎక్కడుందో కూడా చాలామందికి తెలియదు. "పెట్టెల ఉంటది, పెట్టె తాళం ఆయన దగ్గరుంటది" అన్నారు. పని అక్కడి నుంచే మొదలు.

గడియారం ఏమైంది?

మిత్రులు రకరకాల సలహాలిచ్చారు. ఉంచుకో, అదో జ్ఞాపకం అన్నారు కొందరు. అన్న ముఖాన కొట్టు అన్నారు ఇంకొందరు. అమ్మి సంఘానికి చందా ఇవ్వమన్నారు. ఎట్లాగూ ఇంటిపేరు నిలిపేది వాడే కదా, మేనల్లుడికివ్వు అన్న ఆమె కూడా ఉంది, ఆమె మన సభ్యురాలే.

ఉంచుకుంటే, ఏ వరసలో వచ్చిందో ఆ వరసను ఒప్పుకున్నట్టే. తిప్పికొడితే, తాత మీద నాకున్న ప్రేమను కూడా అన్నకు వదిలేసినట్టు. అమ్మడానికి అది నా ఒక్కదానిది కాదు. కాబట్టి నేను చేసింది ఇది. గడియారం అమ్మకు ఇచ్చాను. కానుకగా కాదు, ఆమె విడిపించుకున్న వస్తువుగా. దాన్ని ఎవరికివ్వాలో, ఇవ్వాలో వద్దో ఆమె ఇష్టమని మిగతా ఇద్దరికీ చెప్పాను. చెల్లె ఒప్పుకుంది. అన్న ఏమీ అనలేదు.

భూమి గురించి అన్నకు ఉత్తరం రాశాను. సంతకం పెట్టనన్నాను. నాన్న ఆస్పత్రి అప్పు, ఆ తర్వాత పంట నష్టం, అమ్మ ఖర్చు ఆయనే మోశాడు. అవి కూడా లెక్కలో పెట్టమన్నాను. వాటా అంటే అప్పులోనూ వాటా. మేనత్త సంగతి కూడా రాశాను. 1978 నాటి దాన్ని చట్టం ఇప్పుడు ఎంతవరకు వింటుందన్నది వకీళ్లు చెప్పే సంగతి, కానీ ఆమె లేకుండా చేసే పంపకం నాకు వద్దన్నాను. ఆమె హక్కును తొక్కి నా హక్కు అడిగితే, నాకూ అన్నకూ తేడా ఏముంది?

అన్న మూడు నెలలు మాట్లాడలేదు. ఈ మధ్య ఒకసారి ఫోను చేసి, "అత్తమ్మను కూడ పిలిచి కూసుందాం" అన్నాడు. ఇంకా కూర్చోలేదు. ఏం తేలుతుందో నాకు తెలియదు. ఒడిబియ్యం బందవుతుందా లేదా అన్నదీ తెలియదు.

ఈ పత్రిక చదివే మీకు ఒక మాట. మనం ఊళ్లలో సమావేశాలు పెట్టి హక్కుల గురించి చెప్తాం. ఈసారి ఒక సమావేశంలో చట్టం చెప్పకుండా ఒక్క ప్రశ్న అడిగి చూడండి. మీ ఇంట్లో పెద్దలు పోయినప్పుడు ఎవరికి ఏం వచ్చింది? అమ్మకు ఏం వచ్చింది, మేనత్తకు ఏం వచ్చింది, మీకు ఏం వచ్చింది, దానితో పాటు ఏ కాగితం మీద సంతకం పెట్టారు? గంగాళాలు, భరిణెలు, చీరలు, గడియారాలు ఒక పక్క, ఎకరాలు ఇంకో పక్క రాయించండి. ఆ జాబితా మీ కార్యకర్తలతోనే మొదలు పెట్టండి. వస్తువు ఇస్తే ప్రేమగా తీసుకుందాం. కానీ అది వాటాకు బదులు కాదని ఆ పూటే, ఆ చాయ్ తాగుతున్నప్పుడే చెప్పాలి. తర్వాత చెప్పడం ఎంత కష్టమో మా మేనత్తకు తెలుసు, నాకు తెలుసు.

గంగారం పెద్దామె అడిగింది, ఇది నీకెట్లొచ్చింది బిడ్డా అని. సంతకం కోసం వచ్చిందమ్మా. సంతకం పెట్టలేదు.

ఇప్పుడది అమ్మ దగ్గర ఉంది. పొద్దున్నే కీ ఇస్తుంది.